చూరు కింద మూడో మేకు

హెమ్‌లాక్ లేక్, ఉత్తర మిషిగన్
1968 డిసెంబరు 3

రేనోకు,

ఇది మన వేట క్యాంపు సభ్యుల తరఫున రాస్తున్నాను. నీ అక్క మొగుడిగా కాదు.

మీ యాల్మర్ బాబాయి కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు. మొన్న శనివారం. ఆసుపత్రికి నువ్వు ఒక్కసారే వచ్చావట. ఆయన నిద్రలో ఉండగా వచ్చి, లేవకముందే డులూత్ బస్సు ఎక్కేశావట. నర్సు చెప్పింది.

నవంబరు 23న ఏం జరిగిందో నా డైరీలో రాసుకున్నది రాస్తున్నాను. మధ్యాహ్నం దాకా వాన, మంచు కలిసి పడ్డాయి. మూడింటికి గాలి ఉత్తరానికి తిరిగింది, తడిసినవన్నీ గడ్డకట్టాయి. వేట నుంచి అందరం వెనక్కి వచ్చాం. ఆవిరి స్నానానికి సౌనా పొయ్యి రాజేశాం. ఆవిరి గది ముందు బట్టలు విప్పుకునే గది ఉంది కదా, అందులో గోడకు ఆనించి నీ తుపాకీ ఉంది. మీ బాబాయి బెంచీ మీద కూర్చుని బూటు విప్పుకుంటున్నాడు. ఎవరూ ముట్టుకోలేదు. అది పేలింది.

అందులో తూటా ఉంది. అది నీ తుపాకీ. నువ్వు తూటా తీయకుండా గుమ్మం ఎక్కావు. తలుపు మీద కాగితం ఉంది, నువ్వు చదువుకున్నవాడివి.

జనవరి 12 ఆదివారం సభ్యులం కూర్చుంటాం. నిన్ను క్యాంపులో ఉంచాలా, తీసేయాలా అన్నదానికి చేతులెత్తుతాం. నువ్వు చెప్పుకునేది ఏమైనా ఉంటే రాసి పంపు. అందరి ముందూ చదువుతాను.

నీ ఉన్ని మేజోళ్ళు ఇక్కడే ఉన్నాయి. మీ అక్క సెల్మా పార్సెల్ చేస్తుంది.

ఐనార్ లెహ్తో


డులూత్
డిసెంబరు 9

బావగారికి,

మీ నోటీసు అందింది. ముత్యాల్లాంటి అక్షరాలు. ఆరో తరగతిలో బడి మానేసినవాడు ఇంత చక్కగా తీర్పు రాయగలడని నాకు తెలియదు. అక్క మొగుడిగా రాయలేదు అన్నారు కాబట్టి నేనూ బావమరిదిగా రాయడం లేదు. అందుకే మీరు, మీకు.

తలుపు మీది కాగితం గురించి నాకు చెప్పకండి. పదకొండేళ్ళుగా దాని ముందే బూట్లు దులుపుకుంటున్నాను. బోల్టు వెనక్కి లాగి తూటా తీసి, బోల్టు తెరిచే ఉంచి, తుపాకీని బయట చూరు కింద మేకుకు తగిలించాలి. లోపలికి తేకూడదు. వెచ్చటి గదిలో ఇనుముకు చెమట పడుతుంది, మళ్ళీ బయటికి తీసుకుపోతే ఆ చెమట లోపల మంచవుతుంది. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. రాసింది మీరు, బట్టీ పట్టింది మేం.

మరి గుమ్మం ఎక్కేముందు నేను ఏమన్నానో మీ డైరీలో లేదా? నేను రాస్తాను, ఎక్కించుకోండి. “బోల్టు బిగుసుకుపోయింది, ఎంత లాగినా రావడం లేదు” అన్నాను. “నీ బుర్ర కూడానా?” అన్నాడు బాబాయి. అందరూ నవ్వారు. మీరు కూడా నవ్వారు. మీరు నవ్వడం ఏడాదికి ఒకసారి కాబట్టి గుర్తుంది.

తర్వాత తుపాకీని నా మేకుకే తగిలించాను. చూరు కింద మూడో మేకు. గొట్టం అడవి వైపు. అది పేలినప్పుడు నేను క్యాంపు ఇంట్లో, పొయ్యి పక్కన, రెండు చేతులూ కాఫీ కప్పు చుట్టూ చుట్టుకుని ఉన్నాను. నలుగురు చూశారు.

తుపాకీకి కాళ్ళు ఉండవు. చూరు నుంచి సౌనాకు నలభై అడుగులు. ఎవరు మోశారు?

ఈ ఒక్క ముక్క అందరి ముందూ గట్టిగా చదవండి. చదివేటప్పుడు ఒక్కొక్కరి మొహం చూడండి.

రేనో


హెమ్‌లాక్ లేక్
డిసెంబరు 16

రేనోకు,

నా పెళ్ళయి పద్నాలుగేళ్ళయింది. ఇంతవరకు నన్ను ‘మీరు’ అనలేదు. అలవాటు లేని మర్యాద బిగుతు బూటు లాంటిది, నీకే నొప్పి.

ఎవరు మోశారన్నది తర్వాత. ముందు తూటా సంగతి. మేకుకు ఉన్నా, సౌనాలో ఉన్నా, తూటా లేని తుపాకీ ఊతకర్ర.

నీ తుపాకీ నా షెడ్డులో ఉంది. వేట శాఖ అధికారి చూసి, ప్రమాదం అని రాసుకుని, నాకే ఇచ్చి వెళ్ళాడు. నేను దాన్ని పూర్తిగా విప్పాను. నువ్వు వేసవిలో వాడే చిక్కటి నూనె బోల్టు నిండా పట్టించి ఉంది. చలికాలం నూనె తుడిచేసి పొడిగా ఉంచాలని ప్రతి అక్టోబరులోనూ చెబుతాను. ఆ నూనె జిగురైంది, అందులోకి వాననీళ్ళు దిగాయి, గాలి తిరిగాక గడ్డకట్టాయి.

ఇప్పుడు విను. మంచు పట్టిన తుపాకీ, వెచ్చబడినంత మాత్రాన దానంతట అది పేలదు. ట్రిగ్గర్ నొక్కితేనే లోపలి పిన్ను వదులవుతుంది. దారిలో మంచు ఉంటే సగంలో ఆగిపోతుంది. శబ్దం కూడా రాదు. నొక్కినవాడు పాడైందనుకుంటాడు. పాడవలేదు, ఆగింది అంతే. మంచు కరిగిన క్షణాన మిగతా సగం దూరం వెళ్ళి తూటాను కొడుతుంది. గంట తర్వాతైనా సరే.

అంటే ఆ సాయంత్రం నువ్వు ట్రిగ్గర్ నొక్కావు. నొక్కి, ఎవరికీ చెప్పలేదు. బోల్టు బిగుసుకుందన్నావు. లోపల తూటా ఉంది, ట్రిగ్గర్ కూడా నొక్కాను అని ఒక్క మాట అని ఉంటే ఆ తుపాకీ దగ్గరికి ఎవరూ పోయేవారు కాదు. మీ బాబాయి ఇవాళ రెండు బూట్లూ విప్పుకునేవాడు.

దేని మీద నొక్కావు? ఎందుకు చెప్పలేదు?

ఐనార్


డులూత్
డిసెంబరు 21

బావా,

సరే, బిగుతు బూటు విప్పేశాను.

నేనొకటి అడిగితే నువ్వొకటి అడుగుతావు. పిన్ను గురించి పాఠం చెప్పావు, బాగుంది. నువ్వు ఎవరి దగ్గరా నేర్చుకోకుండా, విప్పి, బిగించి, వేలు కోసుకుని నేర్చుకున్నవాడివి. నీకు తెలిసినంత నాకు తెలియదు. ఒప్పుకుంటున్నాను. నొక్కాను. జింక మీద. మూడు శాఖల కొమ్ముల జింక, వాగు పక్క పొదల్లో. పేలలేదు. జింక పోయింది. దొరకని జింక గురించి చెప్పుకుంటే బాబాయి వసంతం దాకా ఆటపట్టిస్తాడని చెప్పలేదు. చాలా?

ఇప్పుడు నా వంతు. అక్క ఉత్తరం రాసింది. ఊరి కబుర్లు, చర్చి కబుర్లు, యాలకుల రొట్టె పొంగలేదు, ఇలా. మధ్యలో ఒక వాక్యం: “మీ బావ శనివారాలు సౌనాకు పోవడం మానేశాడు. గిన్నెలో నీళ్ళు కాచుకుని వంటింట్లో ఒళ్ళు తుడుచుకుంటున్నాడు.”

ఆ వాక్యం చదివి రేవులో నా షిఫ్టుకు ఆలస్యంగా వెళ్ళాను. మన వాళ్ళలో శనివారం సౌనా మానేసినవాణ్ణి నేను ఇద్దరినే చూశాను. మా నాన్నను, చచ్చిపోయే ముందు వారం. రెండోవాడివి నువ్వు. బాబాయి అదే గదిలో కాలు పోగొట్టుకున్నాడు, అయినా నర్సులను అడుగుతున్నాడట, “నన్ను ఇంటికి ఎప్పుడు పంపుతారు? సౌనాలో వేడి రాళ్ళ మీద నీళ్ళు చల్లి నెలయింది” అని. కాలు పోయినవాడు పోతానంటున్నాడు. కాలున్నవాడు పోనంటున్నాడు.

నీకు ఆ గదిలో ఏం కనిపిస్తోంది బావా?

నలుగురు నాతో పాటు పొయ్యి దగ్గర ఉన్నారు. బాబాయి బెంచీ మీద ఉన్నాడు. క్యాంపులో మనం మొత్తం ఏడుగురం. మిగిలింది ఎవరో నేను చెప్పాలా?

జనవరి 12న అందరి ముందూ చదువుతానన్నావుగా. చదువు.

రేనో


హెమ్‌లాక్ లేక్
జనవరి 2

రేనోకు,

నేనే మోశాను.

నువ్వు అడిగావు కాబట్టి చెప్పడం లేదు. 12న ఎలాగూ చెప్పాలి. ముందుగా నీకు రాస్తే, అక్కడ మాట తడబడదని.

ఆ సాయంత్రం గుమ్మం దగ్గర నీ వేళ్ళు చూశాను. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. నువ్వు వణుకుతున్నావు. చలికి అనుకున్నాను. తెల్లారి మళ్ళీ వేటకు పోవాలి, ఆ బోల్టుతో కుదరదు. కరిగించి, తుడిచి, పొడి చేసి మళ్ళీ మేకుకు తగిలిద్దామనుకున్నాను. క్యాంపు లోపలికి తుపాకీ తేకూడదని రాసింది నేనే. అందుకని సౌనాకు తీసుకెళ్ళాను. సౌనా క్యాంపు కాదు కదా అనుకున్నాను. నా రాతలో ఉన్న సందు నాకే దొరికింది. ఇంకెవరైనా ఆ పని చేసి ఉంటే ఈపాటికి క్యాంపులో లేకుండా చేసేవాణ్ణి.

బోల్టు తెరుచుకోని తుపాకీలో తూటా ఉందనే అనుకోవాలి. పదకొండేళ్ళుగా నేనే చెబుతున్నాను. చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ మాట తట్టింది. నువ్వు ఏమీ అనలేదు కాబట్టి లేదేమో అనుకున్నాను. ‘ఏమో’ అనుకున్నాను. గొట్టాన్ని మూలకు తిప్పి ఆనించాను. మంచు కరిగి నేల తడిసి ఉంది, తుపాకీ పిడి జారి గొట్టం బెంచీ వైపు ఒరిగి ఉంటుంది. నేను కట్టెలు తేవడానికి బయటికి వెళ్ళాను. చేతుల్లో కట్టెలు ఉండగా శబ్దం విన్నాను.

అధికారి అడిగితే “ఎవరు పెట్టారో చూడలేదు” అన్నాను. నేను పెడుతుండగా నన్ను నేను చూసుకోలేదు కదా. అంత నీచమైన మాట.

ఇది చదివి సంతోషపడకు. నాది చెప్పాను కాబట్టి నీది తగ్గదు.

నువ్వు మూడు శాఖల కొమ్ముల జింక అని రాశావు. నవంబరు 24న సామాన్లు తేవడానికి క్యాంపుకు వెళ్ళాను. నీ చేతితొడుగు ఒకటి కనిపించలేదు, నువ్వు కూర్చున్న మొద్దు దగ్గర పడి ఉంటుందని తేవడానికి అక్కడిదాకా నడిచాను. మంచు పెంకు కట్టి ఉంది, ముందురోజు అడుగులన్నీ అచ్చు పోసినట్టు ఉన్నాయి. వాగు పక్క పొదల్లో జింక అడుగు ఒక్కటి లేదు. ఒక మనిషి అడుగులున్నాయి. అప్పుడు దాని గురించి ఆలోచించలేదు. నీ ఉత్తరం చదివాక డైరీ తీశాను. ఆ సాయంత్రం ఆ పొదల్లోంచి క్యాంపుకు వచ్చింది ఎవరో అందులో ఉంది.

ఇంక నేను అడగను. రాస్తే నిజం రాయి. లేకపోతే ఊరుకో.

ఐనార్


డులూత్
జనవరి 7

బావా,

నాలుగు కాగితాలు చించాను. ఇది ఐదోది, ఎలా వస్తే అలా పంపుతాను.

అది నువ్వే.

వెలుతురు తగ్గింది. కళ్ళల్లో మంచు రవ్వలు. మధ్యాహ్నం నుంచి కదలకుండా కూర్చుని కాళ్ళు నావి కావు అన్నట్టున్నాయి. పొదల్లో కొమ్మ విరిగింది. బూడిద రంగుది ఏదో కదిలింది, నడుం ఎత్తులో. నువ్వు ఎర్ర టోపీ మీద ఆ పాత బూడిద రంగు కోటు తలమీదుగా కప్పుకుని, వంగి నడుస్తున్నావు. నాకు అదంతా తర్వాత తెలిసింది. ఆ నిమిషంలో నాకు కనబడింది జింక భుజం. కొమ్ములు కూడా కనబడ్డాయి. ప్రమాణం చేసి చెబుతున్నాను బావా, కొమ్ములు చూశాను. కొమ్మల్ని చూసి కొమ్ములనుకున్నాను.

ఏమిటో తేల్చుకోకుండా గురి పెట్టకూడదని నువ్వు ఏటా చెబుతావు. ఏటా నేను అక్క వైపు చూసి కన్నుకొడతాను.

నొక్కాను. ట్రిగ్గర్ వెనక్కి వచ్చింది, అంతే. మళ్ళీ నొక్కాను. తిట్టుకున్నాను. బోల్టు పట్టుకుని లాగుతున్నాను, రావడం లేదు. అప్పుడు నువ్వు పొదల్లోంచి తల బయటపెట్టి “ఏరా, మొద్దుకు అతుక్కుపోయావా? లే, కాఫీ చల్లారిపోతుంది” అన్నావు.

నేను ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు. నువ్వు ముందు నడిచావు, నేను వెనక. నీ వీపు చూస్తూ నడిచాను. ఆ తుపాకీ గొట్టాన్ని ఎటు పెట్టాలో తెలియలేదు. పక్కకు పట్టుకున్నాను, చేతులు లాగేస్తున్నా మార్చలేదు. నువ్వు దారిలో కొత్త రంపం గురించి చెప్పావు. నువ్వు అన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడవు. ఆ రోజే మాట్లాడావు.

గుమ్మం దగ్గర నేను వణికింది చలికి కాదు.

లోపల తూటా ఉందంటే, దేని మీద నొక్కావని నువ్వు అడుగుతావు. నీ మొహం చూసి ఇంకో అబద్ధం ఆడలేను. అందుకని బోల్టు సంగతి ఒక్కటే చెప్పాను. అది నిజమే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అందరూ పడుకున్నాక వెళ్ళి దాన్ని వాగులో పడేద్దామనుకున్నాను. నువ్వు నా మీద జాలిపడి మోస్తావని నేనెలా అనుకుంటాను?

ఆ మంచే లేకపోతే అక్కకు నేను ఏమని రాసేవాణ్ణి?

ఆసుపత్రిలో బాబాయి మంచం పక్కన నిలబడ్డాను. లేపితే చెప్పేయాల్సి వస్తుంది. లేపలేదు.

దీన్ని 12న చదువు. వాళ్ళు తీసేస్తారు, తీసేయనీ. నిన్ను అన్ని మాటలు అన్నాను. వాటిలో ఒక్కదాన్నీ వెనక్కి తీసుకోవడం లేదు, ఎందుకంటే నువ్వు దాచావు, నేను కూడా దాచాను. కానీ నావైపు దాచింది పెద్దది.

రేనో


హెమ్‌లాక్ లేక్
జనవరి 13

రేనోకు,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. షెడ్డులో చదివాను. తర్వాత చాలాసేపు ఆకురాయి పట్టుకుని నిలబడ్డాను, ఏ రంపానికీ పెట్టలేదు.

సెల్మాకు ఇచ్చాను. తను నీకు అక్క, నాకు భార్య, మనిద్దరి తరఫునా చదవాల్సింది తనే. నిలబడే చదివింది. మడిచి నాకిచ్చి, వచ్చి నా వీపు మీద అరచెయ్యి పెట్టింది. కాసేపు అలాగే ఉంచి, వెళ్ళి గిన్నెలు తోముకుంది. నీకు ఇప్పట్లో రాయదు. రాయమని నేను చెప్పను.

నిన్న కూర్చున్నాం. మీ బాబాయి కర్రలతో వచ్చాడు. వద్దంటే వినలేదు. “నా కాలు గురించి మాట్లాడుకుంటూ నన్నే పిలవరా?” అన్నాడు. నేను లేచి, మోసింది నేనేనని చెప్పాను. అధికారికి అబద్ధం చెప్పానని కూడా చెప్పాను. ఈ ఉదయం ఆయన ఆఫీసుకు వెళ్ళి మళ్ళీ చెప్పి వచ్చాను.

మీ బాబాయే ముందు అన్నాడు. “ఐనార్, నువ్వు తలుపుకు కాగితం అంటించిన రోజే అనుకున్నాను, వీడు ఏదో ఒకరోజు తను రాసిందాన్ని తనే తొక్కుతాడని. కాలు నాదవుతుందనుకోలేదు.” తిట్టాడో, నవ్వాడో తెలియలేదు. నన్ను రెండేళ్ళు క్యాంపుకు రావద్దన్నారు. నేను కూడా చెయ్యెత్తాను.

నీ సంగతి వచ్చినప్పుడు నీ ఉత్తరం నా కోటు జేబులో ఉంది. చదవలేదు. దయతో అనుకోకు. గురి పెట్టింది నా మీద కాబట్టి, అది నా నోటి వెంట వస్తే నేను బాధితుణ్ణవుతాను. సౌనాలో నేను చేసింది అందరికీ చిన్నదై కనిపిస్తుంది. ఆ లాభం నాకు వద్దు. రేనో చెప్పాల్సింది ఒకటుంది, వాడే చెప్పాలి, 26 ఆదివారం దాకా ఆగండి అన్నాను. ఏమిటని అడిగారు. నాది కాదన్నాను.

మీ బాబాయికి కాలు పోయింది. ఎందుకు పోయిందో సగమే తెలుసు. కర్రల మీద ఊగుతూ నన్ను గుమ్మం దాకా సాగనంపి అడిగాడు. “వాడు నన్నెందుకు లేపలేదు? అంత దూరం వచ్చి?” నాకు తెలుసు. చెప్పలేదు. ఆయన ఇంకా నీ మీద కోపంగా లేడు. ఆయనకు బెంగగా ఉంది. నువ్వు వచ్చి చెప్పాక కోపం వస్తుంది. రావాలి.

శుక్రవారం 24న సాయంత్రం డులూత్ నుంచి బస్సు ఉంది. నువ్వు బస్సు దిగే చోటికి నేనే ట్రక్కు తీసుకుని వస్తాను. దారిలో నీతో మాట్లాడను. మాట్లాడితే ఏం అంటానో నాకు నమ్మకం లేదు. నేరుగా మీ బాబాయి ఇంటికి తీసుకెళ్తాను, నేను బయటే ఉంటాను. ఆయనకు చెప్పు. ఆదివారం మిగతావాళ్ళకు చెప్పు.

నువ్వు రాకపోతే వాళ్ళు చేతులెత్తుతారు. ఓటు నాకు ఇంకా ఉంది. నిన్ను తీసేయడానికి నా చెయ్యి లేస్తుంది. నువ్వు వచ్చి, అంతా చెప్పి, మా ఎదురుగా నిలబడినా నా చెయ్యి లేస్తుంది. నీకది ముందే తెలియాలి.

అయినా రా.

ఐనార్